కబడ్డీ ఉన్నాదా, సార్?

ఏ బడిలో చేర్చినా సరే, పిల్లల చదువుకి ప్రభుత్వం తల్లి ఖాతాలోనే డబ్బు వేస్తుందన్న వేసవి అది. సాలూరులో మా ముస్లింల ప్రైవేటు బడి ప్రిన్సిపాలే మా గడప తొక్కాడు! అంతవరకూ ఫీజు తగ్గించి సీటిమ్మని ఆయన గదిముందు చేతులు కట్టుకుని నిలబడ్డదాన్ని నేను. ఖురాన్, ఇంగ్లీషు రెండూ నేర్పుతామని ఆయన బతిమాలుతుంటే నాకు ఒకటే హుషారు.

మా అమ్మాయికి కబడ్డీ అంటే ప్రాణం.

"ఆడపిల్లలకి కబడ్డీ ఉన్నాదా, సార్?" అన్నాను.

"ఇంతవరకూ ఎవులూ అడగలేదమ్మా."

"ఇప్పుడు నేనడుగుతన్నాను కదా!"

బడి తెరిచిన వారానికే మా పిల్ల మోకాళ్ళనిండా మట్టితో ఇంటికొచ్చింది. కాళ్ళు కడుక్కోనివ్వకుండా వీధంతా తిప్పి చూపించాను.