గోడ మీది విత్తనాల పిడకలు

మొలిచింది, చదివే అమ్మలారా అయ్యలారా, పొట్ల మొలిచింది. ఒకటి కాదు, రెండు మొలకలు. ఈ ఉదయం ఆత్మకూరులో మా అమ్మాయి అత్తగారింటి పెరట్లో నా రెండు కళ్ళతో చూసి, చేతికంటిన మట్టి కూడా కడుక్కోకుండా ఇది రాయడానికి కూర్చున్నాను. అందరికన్నా ముందు ఎవరికి చెప్పాలో ఆమెకు చెప్పే వీలు లేదు. మా వియ్యపురాలు, అంటే మా అమ్మాయి అత్తగారు, వైశాఖంలో పోయింది. పొద్దున్నే చెట్లకు నీళ్ళు పోస్తూ పందిరి గుంజ పట్టుకొని కూలబడిందట. చేతిలోని చెంబు ఒరిగిపోయినా నీళ్ళు మాత్రం వంగమొక్క పాదులోకే పోయాయని మా అమ్మాయి చెబుతుంది.

నేను ఉదయగిరిలో ఉంటాను. ఐదో తరగతి దాటని వాణ్ణి. రాయడం నా పని కాదు. కానీ ఈ మొలక వెనక ఒక తప్పు ఉంది. అది నాది. మూడు నెలలుగా అది నన్ను అన్నం తిననివ్వలేదు. ఆమె గురించి రాస్తూ దాన్ని దాచిపెడితే ఆమెకే ముఖం చాటేసినట్టవుతుంది.

ఆమె పెరడు పెద్దదేమీ కాదు. నాలుగు మంచాలు వేస్తే నిండిపోతుంది. అందులోనే వంగ, బెండ, గోంగూర, గోడ వారగా ఒక కరివేపచెట్టు, మధ్యలో పొట్ల పందిరి. ఎండలు మండిపోయే రోజుల్లో, మనమంతా ఫ్యాను కింద పడుకొనే వేళ, ఆమె గునపంతో గుంటలు తవ్వి అట్లాగే వదిలేసేది. ఎందుకమ్మా ఈ ఎండలో అంటే, మట్టికి కూడా ఎండ తగలాలన్నా, లేకుంటే జబ్బు చేస్తాది అనేది. నేను ఆమెకు అన్న వరస. నేను ఆమెను అమ్మా అనే పిలిచేవాణ్ణి.

తొలి వాన పడగానే గుంటల్లో మాగిన పేడ ఎరువు, ఎండుటాకులు వేసి విత్తులు పెట్టేది. బియ్యం కడిగిన నీళ్ళు ఒక్క చుక్క బయట పారనిచ్చేది కాదు. స్నానాల నీళ్ళకు ఇటుక ముక్కలతో చిన్న కాలువ కట్టి పాదులోకి మళ్ళించింది. తీగ పందిరికి అందే వేళకు పాత చీర పేలికలతో మెత్తగా కట్టేది. తాడు కడితే లేత కాడ కోసుకుపోతుందని. ఆకు మీద పురుగు కనబడితే తెల్లవారుజామున మంచు తడి ఆరకముందే పొయ్యి బూడిద చల్లేది. పిందె వేలెడు పొడవు కాగానే దాని చివర దారంతో ఒక గులకరాయి కట్టేది, కాయ వంకర తిరక్కుండా. గాలి వీస్తే ఆ రాళ్ళు ఒకదానికొకటి తగిలి టిక్కు టిక్కుమనేవి. నేను ఎప్పుడు వెళ్ళినా ఆ పందిరి కిందే కుర్చీ వేసేది. అన్నా, తల జాగ్రత్త, రాళ్ళుండాయి అని ప్రతిసారీ చెప్పేది. ప్రతిసారీ నేను తల కొట్టుకొనేవాణ్ణి. ఆమె పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వేది.

ఆ రాళ్ళు పెన్న రాళ్ళు. ఆ పొట్ల కూడా పెన్న ఒడ్డుదే. సోమశిల డ్యాం కట్టినప్పుడు ఆమె పుట్టినూరు నీళ్ళలో కలిసిపోయింది. ఊరు ఖాళీ చేసేనాడు అందరూ తలుపులు, దూలాలు బండ్ల మీద వేసుకుంటుంటే, ఆమె తల్లి పెరటి గోడకు కొట్టిన విత్తనాల పిడకలను ఒలుచుకొని ఒళ్ళో పెట్టుకొని వచ్చిందట. ఆకుపచ్చ మీద తెల్ల చారలు, మూరెడు కాయ, కోస్తే చేదు అన్నది లేదు. అంగట్లో దొరికే రకం కాదది. ఏటా చివరి రెండు కాయలు తీగ మీదే ఎర్రగా పండనిచ్చి, విత్తులు తీసి, అరచేతంత పేడ ముద్దలో గుచ్చి, నీడ పడే గోడకు కొట్టేది. ఎలుక ముట్టదు, పురుగు చేరదు. విత్తే రోజున పిడకను నానబెట్టి పిడకతో సహా గుంటలో పెట్టడమే.

మూడేళ్ళ కిందట నాకు కూడా ఒకటి ఇచ్చింది. కాగితంలో చుట్టి, పైన గుడ్డ కట్టి, ఉదయగిరి రాళ్ళ నేలలో కూడా వస్తాది, పెట్టి చూడన్నా అన్నది. నేను ఆ కట్టు విప్పి, లోపల విత్తులు పిడకలో ఉన్నాయని కూడా చూడలేదు. నీళ్ళు లేవని ఒక సాకు, నడుం నొప్పి అని ఒక సాకు. ఆమె అడిగినప్పుడల్లా బాగా పాకింది, పూతకొచ్చింది అని చెబుతూ పోయాను. అబద్ధం కూడా తీగ లాంటిదే అయింది, వెనక్కి తీసుకొనే దారి లేదు. చివరకు ఒకసారి ఆత్మకూరు వస్తూ బస్టాండు దగ్గర అంగట్లో మూడు పొట్లకాయలు కొని, మా తీగవే అని ఆమె చేతిలో పెట్టాను.

అవి గజం పొడవున తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఆమె చేతిలో తిప్పి చూసింది. లోపలికి పంపి కూర చేయించింది. నాకు వడ్డించి, నేను చెయ్యి కడుక్కున్నాక, ఎవరూ లేనప్పుడు నెమ్మదిగా చెప్పింది.

"కూర రుచిగానే ఉండాదన్నా. నేనిచ్చిన పొట్లం మాత్రం పారెయ్యబాకు. పొడిగా ఉండే చోట పెట్టు. ఎప్పుడో ఒకప్పుడు పని పడతాది."

అంతే. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నేను ఇంటికి పోయి ఆ పొట్లాన్ని కరెంటు మీటరు డబ్బా మీద పెట్టాను.

ఇక ఆమె పోయిన రోజు. ఫోను రాగానే మొదటి బస్సెక్కి వచ్చాను. మా అల్లుడు తల్లి పాదాల దగ్గర నుంచి లేవడం లేదు. ఇంట్లో పెద్దవాణ్ణి నేనే. నిప్పుకుండకు పిడకలు కావాలన్నారు. ఈ రోజుల్లో అన్ని ఇళ్ళలో గ్యాసు, పిడకలు ఎవరింట్లో ఉంటాయి? ఇద్దరు బండి వేసుకొని వెతకడానికి బయలుదేరుతుంటే నేను పెరట్లోకి వెళ్ళాను. గోడ మీద వరసగా ఆరు ఉన్నాయి. ఇంట్లోనే పెట్టుకొని ఊరంతా తిరగడమెందుకని, ఏదో గొప్ప పని చేసినట్టు ఆరింటినీ ఒలిచి తెచ్చాను. కుండలో పెట్టడానికి ఒకదాన్ని విరుస్తుంటే బొటనవేలికి గట్టిగా ఏదో తగిలింది. రాయేమో అనుకున్నాను.

మూడో రోజున వియ్యపురాలి కూతురు పెరట్లోకి వెళ్ళింది. ఆ పిల్లను కొండాపురంలో ఇచ్చారు. మా అమ్మాయికి ఆడబిడ్డ. తల్లి విత్తనాల్లో రెండు పిడకలు తీసుకుపోదామని వెళ్ళి, ఖాళీ గోడ చూసి అక్కడే నిలబడిపోయింది. గోడ మీద ఆరు గుండ్రటి మచ్చలు తప్ప ఏమీ లేవు. వెనక్కి తిరిగి నిండింట్లో మా అమ్మాయిని అడిగింది.

"ఏంది వదినా, మా అమ్మ గోడ గీకేసినావే? మూడు దినాలకే ఇల్లు నీదైపోయిందా?"

అప్పుడు నాకు అర్థమైంది, నా బొటనవేలికి తగిలిందేమిటో. ఆ ముసలి తల్లి మునిగే ఊరి నుంచి ఒళ్ళో పెట్టుకొని తెచ్చినదాన్ని, ఈమె నలభై ఏళ్ళు ఏటా గోడకు కొట్టి కాపాడినదాన్ని, నేను ఈమె ముందు నడిచే కుండలో వేసి కాల్చాను. మా అమ్మాయి తల వంచుకొని నిలబడింది. అది నేను కాదు అని కూడా అనలేదు. నేను అరుగు మీద కూర్చొని ఉన్నాను. కన్న తండ్రినై ఉండి, నా తప్పుకు నా బిడ్డ మాట పడుతుంటే గుడ్లప్పగించి చూశాను. ఆడబిడ్డ ఆ సాయంత్రమే వెళ్ళిపోయింది. పెద్ద దినానికి వచ్చింది గానీ వదిన పెట్టిన మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

నేను ఉదయగిరి పోయి ముందు మీటరు డబ్బా వైపు చూశాను. అక్కడ కొత్త మీటరు ఉంది. పోయిన ఏడాది కరెంటువాళ్ళు మార్చారు. పొట్లం లేదు. మా ఇంట్లో ఆమెను అడిగితే, ఏ పొట్లం అంది. ఇల్లంతా తిరగేశాను. దొరకలేదు.

తరువాత వియ్యపురాలు విత్తనాలు ఇచ్చిన ఇళ్ళన్నీ తిరిగాను. ఏ.ఎస్.పేటలో ఆమె చెల్లెలు ఉంది, దర్గా వీధిలో అగరొత్తులు, చక్కెర అమ్ముకుంటుంది. నా దగ్గరెందుకుంటాయన్నా, అక్క ఏటా ఇస్తానే ఉండె గదా అని అంగట్లోనే కూర్చొని ఏడ్చింది. ఎవరిని అడిగినా అదే మాట. ఆమె దగ్గర ఉంటాయిలే అని ఒక్కరూ దాచుకోలేదు. అందరి విత్తనాలూ ఆమె ఒక్కతే మోసింది.

చివరికి సోమశిల దగ్గర కాలనీలో ఉండే ఆమె తమ్ముడి దగ్గరికి పోయాను. చేపలు పడతాడు. అతని దగ్గరా లేవు. నన్ను కట్ట మీదికి తీసుకుపోయి నీళ్ళ మధ్యకు చెయ్యి చూపించాడు. "మా ఇల్లు ఆడుండాదన్నా. గోడ నీళ్ళ కింద ఉండాది. దాని మీది పిడకలు మాత్రం మా అమ్మ వదల్లేదు" అన్నాడు. కన్ను ఆనినంత దూరం నీళ్ళే. నిజం చెబుతున్నాను, ఆ కట్ట మీద నిలబడి ఇంకెందుకు బతకాలి అనిపించింది. అతనికి కూడా నిజం చెప్పలేకపోయాను.

ఆషాఢంలో మాకు తొలి వాన పడింది. గొడుగు కోసం అటక ఎక్కాను. కరెంటువాళ్ళు విప్పి పడేసిన పాత చెక్క బోర్డును నేనే అటక మీద పెట్టి మరిచిపోయాను. దాన్ని జరిపితే, వెనక ఇరుక్కొని బోర్డుతో పాటే అటకెక్కిన గుడ్డ కట్టు. ఆమె వేసిన ముడి వేసినట్టే ఉంది. అటక మీదే కూర్చొని పెద్దగా ఏడ్చాను. కింద నుంచి మా ఇంట్లో ఆమె, పడినావా ఏంది అని అరుస్తూనే ఉంది.

మూడేళ్ళ విత్తులు. మొలుస్తాయో లేదో తెలియదు. ఒళ్ళో పెట్టుకొని బస్సులో ఆత్మకూరు తెచ్చాను. గుంటలు సిద్ధంగా ఉన్నాయి. విత్తనం లేకపోయినా మా అమ్మాయి ఎండల్లోనే తవ్వి ఆరబెట్టింది. ఎందుకు తవ్వావని నేను అడగలేదు. పిడకను చెంబులో నానబెడుతూ ఉంటే ఇక ఆగలేక, ఆ రోజు గోడ మీదివి ఒలిచింది నేనేనమ్మా అన్నాను.

"తెలుసు నాయనా. ఆ పొద్దు నీ చేతులకు నీళ్ళు పోసింది నేనే గదా. పేడ అంటుకొనుండె."

మరి నలుగురిలో ఎందుకు చెప్పలేదమ్మా, అన్ని మాటలు ఎందుకు పడ్డావు అని అడిగాను. అది నానే పిడక మీద ఇంకాసిన్ని నీళ్ళు పోసింది.

"నువ్వు అంగట్లో కొనకొచ్చిన పొట్లకాయలు వండింది కూడా నేనే నాయనా. అత్తమ్మ ఆ మాట ఎవరికన్నా చెప్పిందా?"

పిడకలో తొమ్మిది విత్తులున్నాయి. పిడకను మూడుగా తుంచి, మూడు గుంటల్లో మూడేసి పెట్టింది. నేను ఇంటికి పోలేదు. వారం గడిచింది, ఏమీ లేదు. మధ్యలో పెద్ద వాన పడి గుంటలు నిండితే ఇద్దరం చెంబులతో నీళ్ళు తోడాం. పదో రోజు నేను తాళలేక ఒక విత్తును తవ్వి చూశాను. కుళ్ళిపోయి వేళ్ళ మధ్య చితికిపోయింది. మా అమ్మాయి నన్ను గుంటల దగ్గరికి రావద్దని కోప్పడింది. పదకొండో రోజు అన్నం ముందు కూర్చొని లేచాను. ఆమె రెండోసారి పోయినట్టనిపించింది, ఈసారి కూడా నా చేతుల మీదుగానే.

ఈ రోజు పన్నెండోది. గోడ పక్కని గుంటలో మట్టి పగిలి, రెండు మొలకలు మెడలు వంచుకొని లేచాయి. ఒకదానికి విత్తనపు పెంకు ఇంకా నెత్తి మీదే ఉంది. వాటి వెనకే గోడ మీద ఆ ఆరు మచ్చలు. మా అమ్మాయి నోటికి పైటకొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది, అచ్చం అత్తలాగే. నేను పసిపిల్లాడిలా చప్పట్లు కొట్టాను. నాకు ఇంతటి సంతోషం ఈ అమ్మాయి పుట్టిన రోజున కలిగింది, మళ్ళీ ఇప్పుడే.

ఇక చెప్పాల్సినవాళ్ళు. ఉదయగిరిలో మా ఇంట్లో ఆమెకు ఫోనులో చెప్పేశాను. మా అల్లుడికి పని నుంచి రాగానే. ఏ.ఎస్.పేటలో వియ్యపురాలి చెల్లెలికి, ఈసారి రెండు విత్తులు నీ దగ్గర కూడా దాచుకో తల్లీ అని. సోమశిల కాలనీలో తమ్ముడికి, పెన్న రాళ్ళు కొత్తవి ఏరి పెట్టమని. అందరికన్నా ముఖ్యంగా కొండాపురంలో ఆ ఆడబిడ్డకు. దానికి ఫోను చాలదు. పదకొండు గంటల బస్సుకు పోతాను. గుమ్మంలో నిలబడి, కాల్చింది నేనమ్మా, మీ వదిన కాదు అని ముందు చెప్పి, మొలిచిన సంగతి తరువాత చెబుతాను.

బస్సుకు వేళవుతోందని మా అమ్మాయి చేతులు కడుక్కోమని చెంబుతో నీళ్ళు తెచ్చింది. వాటిని పాదులో పొయ్యమన్నాను.