బీగాలు ఎత్తి చూసిన మనిషి

మా బిల్ కలెక్టర్ మామ పోయారు. మొన్న మంగళవారం పొద్దున పళ్లు తోముకుంటూ తోముకుంటూ గుండె పట్టుకుని కూలబడ్డారట. రిక్షా వచ్చేలోగానే అంతా అయిపోయింది. ఆఫీసులో నాకు కబురు అందేసరికి నేనేం చేస్తున్నానో చెబితే మీరు నన్ను తిడతారు. ఆయన పెట్టిన అర్జీ మీదే "తదుపరి సమావేశములో పరిశీలించవచ్చును" అని రాస్తున్నాను. అదెన్నోసారో నాకే గుర్తు లేదు.

చిత్తూరు నుంచి తిరుపతికి పోయే దారిలో మాది చిన్న ఊరు. అక్కడి మునిసిపాలిటీలో నేను గుమాస్తాను, ఆయన ఇంటిపన్ను వసూలు చేసేవారు. నాకు చుట్టం కాదు, వీధిలో అందరికీ మామే. బీగం వేసిన ఇల్లు కనబడితే సైకిలు దిగి, బీగాన్ని చేత్తో ఎత్తి చూసేవారు. కింద తలుపు చెక్క మీద తుప్పు మరక పడిందంటే ఆ ఇల్లు తెరిచి ఏడాది దాటినట్టే లెక్క. వెంటనే నోటుబుక్కులో రాసుకునేవారు. అట్లాంటి ఇళ్లు మా ఊళ్లో ఎన్నో. సొంతదార్లు మద్రాసులోనో బెంగుళూరులోనో ఉంటారు. ఏడాదికోసారి కొండకు వచ్చేటప్పుడు ఒక పూట దిగడానికని ఇల్లు అట్టే పెట్టుకుంటారు.

"ఈడ మనుషులు బడి వరండాలో పడుకుంటా ఉంటే, ఆ ఇండ్లల్లో బల్లులు సుఖంగా కాపరం చేస్తా ఉండాయి సూడప్పా," అనేవారు.

అలాగని సొంతదార్లను ఏనాడూ తిట్టలేదు. బాడుగకిస్తే మళ్లీ ఖాళీ చెయ్యరనీ, కోర్టుల చుట్టూ తిరగాలనీ వాళ్ల భయం. దానికాయన దగ్గర మందు ఉండేది. "మధ్యలో మునిసిపాలిటీ నిలబడాల. ఇల్లు మనమే తీసుకోవాల, బాగు చేయించి మనమే బాడుగకియ్యాల, అడిగిననాడు మనమే అప్పజెప్పాల. వాళ్లకు భయం మనిషి మీద గానీ ఆఫీసు మీద కాదు గదా!" ఆఫీసు మీద అంత నమ్మకం ఆ ఆఫీసులో ఇంకెవరికీ లేదని ఆయనకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

కొన్నేళ్ల కిందట తుఫాను వానకు ఒక నేత కుటుంబం ఇల్లు కూలిపోయింది. మొగుడూ పెళ్లాం ముగ్గురు పిల్లలతో బడి వరండాలో చేరారు. వాళ్లది గుంట మగ్గం. కాళ్లు పెట్టుకుని తొక్కడానికి నేలలో గుంట తవ్వాలి. నట్టింట్లో గుంట తవ్వుతామంటే బాడుగకిచ్చే మహారాజు ఎవరు? మగ్గం లేకపోతే వాళ్లకు తిండి లేదు. నేతాయన అడిగిన ప్రతి ఇంటివారూ ఆ ఒక్క మాట దగ్గరే తలుపు మూసేశారు.

మామ ఇంటికి ఎదురుగా మద్రాసు షావుకారుది పెద్ద ఇల్లు, ఏళ్ల తరబడి బీగమే. ఉత్తరాలకు జవాబు రాకపోతే మామ సెలవు పెట్టి సొంత ఖర్చుతో మద్రాసు వెళ్లారు. ఏం మాట్లాడారో, ఎట్లా ఒప్పించారో! "పోయేటప్పుడు గుంట పూడ్చి అప్పజెప్పే పూచీ మునిసిపాలిటీదయితే నాకు సమ్మతమే," అన్నాడట షావుకారు. ఆ సంగతి మీద మామ పెట్టిన అర్జీ కౌన్సిలు మీటింగుకు వచ్చే రోజు బీగంచెవులు పట్టుకుని ఆయనే బస్సు దిగాడు.

ఆ రోజు మీటింగు జరగలేదు. చైర్మన్ గారికి కాణిపాకంలో మొక్కు ఉందట. సగం మంది కౌన్సిలర్లు ఆయన జీపుల్లోనే పోయారు. షావుకారు నా బల్ల ముందు బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చుని, చివరికి లేచాడు.

"సంతకం పెట్టేదానికే మీకు మనుషులు ల్యాకుంటే, రేప్పొద్దున నా ఇల్లు నాకు ఎవురిప్పిస్తారప్పా?"

అడిగింది న్యాయమే. బీగంచెవులు జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. మర్నాడు చైర్మన్ గారు ప్రసాదం పంచుతూ, "వచ్చే మీటింగులో సూస్తాంలే మామా, ఇల్లు యాడికి పోతాది?" అన్నారు. మామ ప్రసాదం కళ్లకద్దుకున్నారు. నాకైతే ఒళ్లు మండిపోయింది. మండి ఏం లాభం? నేను రాసిందీ అదేగా, వచ్చే మీటింగని!

ఆ వారమే మామ గడ్డపార తీసుకుని తన ఇంటి ముందుగదిలో గుంట తవ్వారు. ఆ ఇంటికి ఉన్నవే రెండు గదులు. ముందుది నేతవాళ్లకు, వెనకది ఆయనకూ అత్తకూ. "ఏంది మామా ఇది?" అని నేను కోప్పడితే, "ఆఫీసు తెరిచేదాకా వాళ్లు అన్నం మానుకోవాల్నా ఏంది?" అన్నారు. అర్జీ మాత్రం మానలేదు. ప్రతి మీటింగుకీ ముత్యాల్లాంటి అక్షరాలతో మళ్లీ రాసిచ్చేవారు, నేను మళ్లీ వాయిదా రాసేవాణ్ణి. ఆయనకు నేను చేసిన సాయం అంతే.

మంగళవారం నేను పరుగున వెళ్లేసరికి ఆయన్ను ఎక్కడ పడుకోబెట్టాలో తెలియక అందరూ నిలబడి ఉన్నారు. ముందుగది నిండా మగ్గం, వెనకగది నిండా పొయ్యీ సామాన్లూ. నేతాయన ఏడుస్తూ పడుగు దారాలు కోసి మగ్గం విప్పెయ్యడానికి కత్తి తీశాడు. అత్త చెయ్యి పట్టుకుంది.

"వద్దు నాయనా. సగం నేసిన చీర. ఆయన ఒప్పుకోడు."

ఇంక చోటెక్కడిది? నలుగురం ఎత్తుకుని వీధి దాటి, షావుకారు ఇంటి ముందు తిన్నె మీద చాప పరిచి పడుకోబెట్టాం. "ఓనరుకు చెప్పకుండా ఎట్లప్పా?" అన్నాడు ఒక కౌన్సిలరు. కాసేపటికి చైర్మన్ గారు మునిసిపాలిటీ తరఫున దండ తెచ్చి వేశారు. కాళ్ల దగ్గర నిలబడి చేతులు జోడించారు. మామ పక్కన తలుపుకి బీగం వేసే ఉంది, దాని కింద చెక్క మీద జానెడు పొడుగున తుప్పు. ఇన్నేళ్లలో ఆ ఇల్లు మా ఊరి మనిషికి పనికొచ్చింది ఆ ఒక్క పూటే. అదీ తిన్నె వరకే.