కోత పండుగలో నూల్‌కోల్

మొన్న కొత్తిమీర కోసం మదీనాగూడలో సూపర్ మార్కెట్టుకు వెళ్లి, ఒకే అరలో క్యాబేజీ, కాలీఫ్లవరు, పచ్చటి గడ్డలాంటి నూల్‌కోల్ ప్లాస్టిక్ కాగితం కప్పుకుని పక్కపక్కన చల్లగా కూర్చుని ఉండటం చూసి, ఎందుకొచ్చానో మరచి అక్కడే నిలబడిపోయాను. వెనకనుంచి ఒకమ్మాయి "అంకుల్, జర జరుగుండ్రి" అంది. జరిగాను గాని పక్కకు కాదు, పాతికేళ్లకు పైగా వెనక్కి.

అప్పటికి కొత్తగూడలో ఫ్లైఓవరు లేదు. హైటెక్ సిటీ గుండ్రటి మేడ అప్పుడప్పుడే లేస్తోంది. పునాదుల కోసం ఈల ఊది బండలు పేలిస్తే మా జూనియర్ కాలేజీ రేకుల కప్పు గజగజలాడేది. నేనక్కడ జువాలజీ లెక్చరర్ని. ఆదివారం మాత్రం అదే సందు చివర, ఇంకో రేకుల షెడ్డులో నడిచే మా గుడిలో సండే స్కూలు పంతుల్ని. గోదావరి వైపునుంచి వచ్చినవాళ్లం, మేం చర్చిని గుడి అనే అంటాం. బడికీ గుడికీ ఒక్క అక్షరమే తేడా అని గొప్పగా చెప్పుకు తిరిగేవాణ్ణి గాని, సోమవారం చెప్పే కోట్ల ఏళ్ల పరిణామాన్నీ, ఆదివారం చెప్పే ఆరు దినాల సృష్టినీ ఎన్నడూ ఎదురెదురుగా కూర్చోబెట్టిన పాపాన పోలేదు. మా ఇంటి ఓనరూ మేమూ ఒకే కప్పు కింద రెండు వాటాల్లో ఉన్నట్టు, ఆ రెండూ నా బుర్రలో మధ్యతలుపు గడియ పెట్టుకుని కాపురం చేసేవి.

ఆ గడియ తీసింది మా అక్క కూతురు. ఇంటర్ రెండో ఏడు, నా క్లాసులోనే చదివేది. డాక్టరు కావడం తప్ప మరో ఆశ లేని పిల్ల. నేను పెట్టిన పరీక్షలో పరిణామం ప్రశ్నలన్నీ వదిలేసింది. రాక కాదు. ఎందుకమ్మా అని అడిగితే తల వంచుకుని, "రాస్తే అబద్ధ సాక్ష్యం అవుతుంది మామయ్యా. దేవుడు చేశాడని నమ్ముతూ, వాటంతటవే మారాయని నా చేత్తో ఎలా రాయను?" అంది. మార్కుల కోసం ఏదైనా రాసేసే పిల్లలు నాకు అలవాటే. నిజం కోసం మార్కులు వదులుకునే పిల్ల దొరికేసరికి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. మెడిసిన్ ఎంట్రన్సులో ఆ పాఠంలోంచి ప్రశ్నలు తప్పవు, అరమార్కు తేడాతో సీట్లు చేజారే రోజులవి.

అబద్ధ సాక్ష్యమన్న ఆ భయం నాటింది మా బావగారే. రైల్వేలో ఉద్యోగం, గుడిలో సంఘపెద్ద, కోపం వచ్చినా అండీ అని కోప్పడే మనిషి. "కోతి మా తాతంటే నేనొప్పుకోనండీ" అని భోజనం మధ్యలో చెయ్యి కడిగేసుకునేవారు. మా అక్క నావైపు చూసేది; పాఠం చెప్పింది నువ్వే గనక దారీ నువ్వే చూపించమని ఆ చూపుకు అర్థం. నాకు పాఠమే వచ్చు, దారి సిలబస్‌లో లేదు.

అంతలో కోత పండుగ వచ్చింది. మా వైపు తొలిపంటా, కోళ్లూ, గుమ్మడికాయలూ దేవుడి బల్ల ముందు పెట్టి, ప్రార్థనయ్యాక వేలం వేసి ఆ డబ్బు గుడికిచ్చే ఆనవాయితీ ఉంది. కొత్తగూడలో మాకు పొలాలెక్కడివి? అందరం కూరగాయల బజారులో పండించుకునేవాళ్లమే. కొత్తగా ఉద్యోగంలో చేరిన సాఫ్ట్‌వేర్ కుర్రాడొకడు తన పంట ఇదేనని ఒక ఫ్లాపీ డిస్కు తెచ్చిపెట్టాడు. నేను ముందురోజు క్లాసులో చూపించిన క్యాబేజీ, కాలీఫ్లవరు, నూల్‌కోల్ వృథా ఎందుకని సంచిలో వేసుకెళ్లాను.

మా పాస్టరుగారిది మెదక్ వైపు, ఏదైనా చేతిలోకి తీసుకుని చూస్తేగాని వదలరు. మూడు రకాలు ఎందుకు తెచ్చారని అడిగితే, ఈ మూడూ సముద్రపు ఒడ్డున పెరిగే ఒక ఆవమొక్కలాంటి పిచ్చిమొక్క పిల్లలేననీ, తరతరాల రైతులు ఒకచోట ఆకు, ఒకచోట పువ్వు, ఒకచోట కాండం బాగున్నదాన్నే విత్తనానికి ఉంచుకుంటూ పోతే ఇలా విడిపోయాయనీ చెప్పాను. ఆయన నూల్‌కోల్‌ను అటూ ఇటూ తిప్పి, "గివన్నీ ఒక్కతల్లి పిల్లలా! దేవుడు ఎంత ఓపికగల్లోడు సారూ" అన్నారు.

బావగారు ఊరుకుంటారా? "రైతు ఏరాడు గనక మారిందండీ. ఏరే చెయ్యి లేందే ఎలా మారుతుందీ?"

"ఆ చెయ్యి ఉన్నదనే గదా పెద్దసారూ మనం నమ్ముతున్నం! మొలిపించమని భూమికే చెప్పిండు, ఒక్కొక్కటి కూసోని నాటలే. మట్టితోని మనల జేసిండంటే సంబరంగ ఒప్పుకుంటిరి, నడుమ కోతి వస్తే గింత పరేషాన్ ఏంది?"

షెడ్డంతా నవ్వింది. నేను ధైర్యం తెచ్చుకుని, కోతి మనకు తాత కాదు బావగారూ, ఇద్దరికీ ఒకే పాత తాత, అంటే దాయాది మాత్రమేనని సర్దిచెప్పబోయాను. ఆయన మొహం చిట్లించి, "దాయాదంటే ఇంకా కష్టమండీ, ఆస్తి పంచాలి" అన్నారు. ఆయన ఆ విషయం మీద హాస్యమాడటం నేను వినడం అదే మొదటిసారి.

వేలంలో నూల్‌కోల్‌ను పట్టుబట్టి ఆయనే పాడుకున్నారు. ఎవరూ అడగని ఫ్లాపీని, ఇంట్లో కంప్యూటర్ లేకపోయినా, నేను పాడుకున్నాను. క్వాయరులో ఎన్నడూ నాకివ్వని పాట అలాగైనా దొరికింది. తిరిగొస్తుంటే దారిలో మా మేనకోడలు, పేల్చి పడేసిన బండరాళ్ల గుట్ట దగ్గర ఆగి, ఒక ముక్క తీసుకుని, పాస్టరుగారు నూల్‌కోల్‌ను తిప్పినట్టే అటూ ఇటూ తిప్పి చూసింది. చివరికి, "మామయ్యా, చూసిందాన్ని చూడలేదంటే అదీ అబద్ధ సాక్ష్యమే కదూ" అంది. నేను చెప్పాల్సిన పాఠం ఆ పిల్లే నాకు చెప్పింది. బావగారు వెనక నడుస్తూ విననట్టే విని, "రాయమ్మా, రాసేముందు ప్రార్థన చేసుకో" అన్నారు.

ఆ పిల్ల రాసింది, సీటూ తెచ్చుకుంది. ఇప్పుడు గోపన్‌పల్లిలో దవాఖాన నడుపుతోంది. ఆదివారం పొద్దున్న తెరవదు. బావగారు మాత్రం కడదాకా కోతిని దాయాదిగా ఒప్పుకోలేదు. కానీ ఆ పండుగ తర్వాత భోజనం ముందు ప్రార్థనలో "ఓపికగల దేవా" అన్న మాట కొత్తగా చేర్చారు.

ఆ షెడ్డు ఉన్నచోట ఇప్పుడు అపార్టుమెంట్లు. మా గుడి ఏసీ హాలుకు మారింది, కోత పండుగ కానుకలు ఫోనులోనే పంపేస్తున్నాం, బల్ల మీద ఆకు కూడా కనబడదు. కోట్ల ఏళ్లు నిలబడ్డ బండలు మా కళ్లముందే కరిగిపోయాయి. ఆరు దినాలా, కోట్ల ఏళ్లా అని అంతగా వాదించుకున్న మేమే, కూరగాయలు పది నిమిషాల్లో గుమ్మంలోకి రాకపోతే విసుక్కుంటున్నాం.

కొత్తిమీర మరచి నూల్‌కోల్ కొనుక్కొచ్చినందుకు మా ఆవిడ చీవాట్లు పెట్టి మరీ వండింది. బావగారు పోయాక ఆ మాట అనేవాళ్లెవరూ లేరు గనక, కంచం ముందు కళ్లు మూసుకుని "ఓపికగల దేవా" అని ఈమధ్య నేనే అంటున్నాను.