కుందేలు మీద రెండు అర్జీలు

యుద్ధం నడుస్తున్న ఆ ఏళ్లలో పాకాలలో కిరసనాయిలు దొరికేది కాదు, చక్కెర దొరికేది కాదు, పెళ్లికొడుక్కి కొత్త పంచె కూడా దొరికేది కాదు. అభిప్రాయాలకు మాత్రం కొదవ ఉండేది కాదు. నా దగ్గర మరీ ఎక్కువగా ఉండేవి, ఎందుకంటే నాకప్పుడు ఇరవై ఒక్క ఏళ్లు. ఇంటర్మీడియెట్ తప్పి, రైల్వేలో పార్సెల్ గుమాస్తాగా చేరి ఏడాది కాలేదు. పైగా మా స్టేషనులో స్టేషను మాస్టరు తరవాత ఇంగ్లీషు పత్రిక చదివేవాణ్ణి నేనొక్కణ్ణే. (చదవడం అంటే, మద్రాసు నుంచి ఒకరోజు ఆలస్యంగా వచ్చే పత్రికలో ఆటల పేజీ మాత్రమే. యుద్ధం ఎవరు గెలుస్తున్నారని అడిగినవాళ్లకు హాకీ ఫలితాలు చెప్పి పంపేవాణ్ణి.)

ఇప్పటివాళ్లకు నమ్మకం కలగదు గానీ, అప్పట్లో రైలు జంక్షనున్న ప్రతి ఊరికీ హాకీ పిచ్చి ఉండేది. మా ఇంజన్ షెడ్డు వెనక బొగ్గు బూడిద పరిచి చదును చేసిన మైదానం ఒకటి ఉండేది. అక్కడ పడి లేచినవాడు ఎవరో తల్లి కూడా గుర్తుపట్టేది కాదు. ఆ నల్ల నేల మీద మాకు దొరికిన మాణిక్యం పేరు కుందేలు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినిపించేది కాదు. పంతొమ్మిదేళ్లవాడు, నాలుగు మైళ్ల అవతలి మెట్టపల్లె నుంచి వచ్చినవాడు. ఎవరో ఇంజన్ డ్రైవరు అతని పరుగు చూసి చేతికి కర్ర ఇస్తే, ఆర్నెల్లలో ఆ డ్రైవరుకే బంతి దొరక్కుండా చేశాడట. రైల్వేవాళ్లు అతన్ని షెడ్డులోకి తీసుకున్నారు. పేరుకు ఇంజన్లు తుడిచే పని, అసలు పని హాకీ ఆడడం. మనిషి మాత్రం నోరు విప్పేవాడు కాదు. ఏం చెప్పినా "సరే సార్" అనేవాడు.

మాట్లాడని ఆటగాడు దొరికితే అభిమానులకు అంతకన్నా అదృష్టం ఏముంటుంది? అతను మాట్లాడాల్సిందంతా మేమే మాట్లాడేవాళ్లం. స్టేషనుకు ఎదురుగా ఒక కాఫీ హోటలు ఉండేది. దాని యజమానిని అందరూ హోటల్ సామి అనేవాళ్లు. డ్యూటీ దిగగానే అక్కడ చేరి, బెల్లం వేసిన కాఫీ తాగుతూ కుందేలు భవిష్యత్తు తేల్చేవాళ్లం. మాలో రెండు వర్గాలు. అతన్ని ముందు వరసలో పెట్టి గోల్స్ కొట్టించాలనే వర్గానికి నేను నాయకుణ్ణి. వెనక పెట్టి మన గోలును కాపాడించాలనే వర్గానికి నాయకుడు గార్డు తాత. ముప్పై ఏళ్లు గూడ్సు బండ్ల మీద గార్డుగా చేసి రిటైరైన పెద్దమనిషి, ఇంట్లో కూడా ఈల వేసే అందర్నీ పిలిచేవాడు.

"ఆ కాళ్లు సూడు తాతా," అనేవాణ్ణి నేను. "ఆ కాళ్లుండేది ఒకచోట నిలబడి కాపలా కాసేదానికా? ముందరికి తోలాల వాణ్ణి!"

"కాళ్లుంటే సాలునా అబ్బయ్యా? బండికి చక్రాలుంటే సాలునా, బ్రేకు వద్దా? వానికింకా బ్రేకు పళ్లేదు. రెండేండ్లు యెనకనే నిలబడి ఆటంటే ఏందో సూడనీ."

"రెండేండ్లా! మద్రాసు పత్రికలో ఏం రాసినారో తెలుసునా నీకు? ఇరవై లోపల ముందరికి రానోడు ఇంక రాడంట."

(పత్రికలో అలా ఎవరూ రాయలేదు. ఆ సంగతి ఇన్నేళ్లకు ఇక్కడే మొదటిసారి ఒప్పుకుంటున్నాను.)

"నువ్వు సెప్పు సామీ," అని తాత హోటల్ సామి వైపు తిరిగేవాడు.

"నేనేం సెప్పేది? ఇద్దురికీ ఇంకో కాఫీ పెట్టమంటా," అనేవాడు సామి.

వాదం నోటితో ఆగి ఉంటే బాగుండేది. మేం ఆ మనిషిని తయారుచేయడానికి కూడా పూనుకున్నాం. ముందుకు ఉరికేవాడికి ఒళ్లు తేలిగ్గా ఉండాలని నేను పొద్దున్నే రొట్టె, గుడ్లు పెట్టించేవాణ్ణి. వెనక నిలబడేవాడికి ఒళ్లు గట్టిగా ఉండాలని తాత మధ్యాహ్నం ఇంటికి పిలిచి రాగిసంగటి ముద్దలు పెట్టించేవాడు. కుందేలు రెండూ తినేవాడు. ఎవరికి వాళ్లం మాదే గెలుపని లెక్కవేసుకున్నాం. బండ్లు లేని వేళ నేనతని చేత ప్లాట్‌ఫారం ఈ కొస నుంచి ఆ కొసకు కర్రతో నిమ్మకాయను నడిపించేవాణ్ణి. సాయంత్రం తాత షెడ్డు గోడకేసి బంతిని కొట్టి, తిరిగొచ్చేదాన్ని ఆపించేవాడు. ఇంతా చేసి నేను జన్మలో హాకీ కర్ర పట్టుకున్నవాణ్ణి కాదు. ఒక్కసారి పట్టుకున్నాను గానీ, అది పార్సెల్ ఆఫీసులో పాము దూరినప్పుడు.

అయితే ఒక వింత మమ్మల్ని వేధిస్తూ ఉండేది. ఏ మ్యాచి ఆడినా కుందేలు మొదటి సగంలో ముందుకు దూసుకుపోయేవాడు, రెండో సగంలో వచ్చి వెనక అతుక్కుపోయేవాడు. మొదట చెలరేగినవాడు తరవాత ఎందుకు చతికిలబడతాడని నేను, మొదట్లోనే ఎందుకు నిలబడడని తాత, దీనిమీదే నెలలు గడిపాం. సంగటి వల్ల బరువెక్కి ఆగిపోతున్నాడని నా సిద్ధాంతం. గుడ్ల వల్ల వేడిచేసి ఎగురుతున్నాడని తాత సిద్ధాంతం.

ఇంతలో కబురొచ్చింది. మద్రాసులో ఆటల వ్యవహారం చూసే రైల్వే ఆఫీసరు చిత్తూరు వస్తున్నాడని, చిత్తూరు జట్టుతో మావాళ్లు ఆడే మ్యాచి చూసి, బాగున్నవాళ్లను మద్రాసు జట్టుకు ఏరుకుంటాడని. ఆ ఆదివారమే నేను కూర్చుని ఇంగ్లీషులో ఒక అర్జీ రాశాను. కుందేలును వెంటనే మద్రాసు తీసుకుపోవాలని, ముందు వరసలో నడిమధ్య నిలబెట్టాలని, ఆలస్యం చేస్తే దేశానికే నష్టమని దాని సారాంశం. ఇరవైమంది సంతకాలు పెట్టారు. సోమవారం పొద్దున తాత పార్సెల్ ఆఫీసుకొచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

"అబ్బయ్యా, కుందేలు ఇసయంలో నీకూ నాకూ పడదు. అది యేరే. ఇంగ్లీసంటే మాత్రం ఈ ఊళ్లో నీదే ఇంగ్లీసు. మా తరపున గూడా ఒక కాయితం రాసిపెట్టు."

నీదే ఇంగ్లీషు అన్నాక నాకింక ఒంట్లో ఎదురుచెప్పే శక్తి ఉంటుందా? రాశాను. మొక్కుబడిగా రాసి ఉంటే వేరే మాట, ప్రాణం పెట్టి రాశాను. రాస్తూ ఉంటే నాకే నిజమనిపించసాగింది. ఇతన్ని ఇప్పుడే తీసుకుపోతే పచ్చికాయను కోసినట్టవుతుందని, రెండేళ్లు వెనక వరసలోనే పండనివ్వాలని, ఆటలో ఓనమాలు రాని కొందరు కుర్రవాళ్లు ఇతన్ని తప్పుదారి పట్టిస్తున్నారని కూడా రాశాను. ఆ వాక్యం తాత చెప్పింది కాదు. అక్కడ పడితే అందంగా ఉంటుందని నేనే వేశాను. దానిమీద కూడా ఇరవై సంతకాలు పడ్డాయి. హోటల్ సామి రెండింటి మీదా పెట్టాడు.

మ్యాచి రోజు పొద్దున బండికి రెండు వర్గాలూ చిత్తూరు వెళ్లాం. మైదానం పక్కన చిన్న షామియానా, కింద కుర్చీలో ఆఫీసరు. నెరిసిన మీసాల ఆంగ్లో ఇండియన్ దొర. ఒకప్పుడు కాట్పాడిలో పనిచేశాడట, తెలుగు బాగానే వచ్చు. ఆట మొదలుకాకముందే బంట్రోతును పంపి పాకాల నుంచి అర్జీలు పెట్టినవాళ్లు రండని పిలిపించాడు. నేను కాలరు సర్దుకుని అందరికన్నా ముందు నడిచాను. నా ఇంగ్లీషు చూసి మెచ్చుకోవడానికి పిలిచాడనే అనుకున్నాను.

దొర రెండు కాగితాలూ పక్కపక్కన మోకాళ్ల మీద పరిచాడు. ఒకే సిరా, ఒకే దస్తూరీ, ఒకేలా తోక తిప్పిన అక్షరాలు. అప్పటిదాకా నాకు ఆ సంగతి తట్టనే లేదు.

"ఇది ఎవరు రాసినారు?"

"నేనే సార్."

"ఇది?"

"అదీ నేనే సార్."

దొర రెండో కాగితంలో ఒకచోట వేలు పెట్టాడు. "ఆట రాని కుర్రవాళ్లు తప్పుదారి పట్టిస్తున్నారు అని రాసినావు. ఆ కుర్రవాళ్లు ఎవరు?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. నేను చాలాసేపు ఆలోచించాను. ఇంకెవరి పేరూ గుర్తుకు రాలేదు.

"నేనే సార్."

గార్డు తాత చొక్కా బొత్తాం ఒకటి పట్టుకుని తిప్పుతూ నిలబడ్డాడు. దొర నవ్వలేదు. కుందేలును పిలిపించాడు. అతను కర్ర పట్టుకుని వచ్చి నిలబడి మావైపు, దొర వైపు మార్చి మార్చి చూశాడు.

"నువ్వు ఎక్కడ ఆడతావు?"

"యాడ ఆడమంటే ఆడ ఆడతా సార్."

"అది కాదు. రోజూ ఎక్కడ ఆడుతున్నావు?"

"మొదుట సగం గుమాస్తా సార్ సెప్పినట్టు ముందర ఆడతా. తర్వాత సగం తాత సెప్పినట్టు యెనక ఆడతా సార్."

నెలల తరబడి మేం తలలు బద్దలుకొట్టుకున్న చిక్కు ఇంతే! సంగటీ కాదు, గుడ్లూ కాదు. తాత చేతిలో బొత్తాం ఊడి కింద పడింది.

"ఎందుకట్లా?" అన్నాడు దొర.

"వాళ్లు పెద్దోళ్లు సార్. ఇంగ్లీసులో కాయితాలు రాసేవోళ్లు. నాది ఇంకా ఖాయం గాని పని. మా నాయన లేడు. మాయమ్మ శెనక్కాయ సేండ్లకు కూలికి పోతా ఉండాది. ఈళ్లకు కోపమొచ్చి నామీద ఏదన్నా రాసేస్తే..." అంటూ దొర మోకాళ్ల మీదున్న కాగితాలు చూసి టక్కున ఆగిపోయాడు.

ఆ చూపు నేను ఇప్పటికీ మరిచిపోలేదు. అతను "సరే సార్" అన్నప్పుడల్లా నా తెలివికి తల ఊపుతున్నాడనే అనుకున్నాను. భయంతో అంటున్నాడని ఒక్కరోజైనా తోచలేదు. మాకు కాఫీతో పాటు కాలక్షేపం, అతనికి తల్లి ఇంటిపట్టున ఉండడమా ఎండలో కూలికి పోవడమా అన్న ప్రశ్న. అతను దేనికి భయపడ్డాడో సరిగ్గా అదే చేశాం మేం, అందులోనూ రెండుసార్లు, నా చేత్తోనే.

దొర గొంతు తగ్గించాడు. "వాళ్ల మాట విడిచిపెట్టు. నీకు ఎక్కడ బాగుంటుంది?"

కుందేలు మావైపు చూడలేదు. నేలవైపు చూస్తూ, "నడాన సార్," అన్నాడు. "నడాన నిలబడితే అందురూ కనపడతారు. ముందరికీ పోవచ్చు, యెనక్కీ రావచ్చు."

మధ్య వరస! రెండు వర్గాల్లో ఒక్కడికీ ఆ చోటు తట్టలేదు. అంతకన్నా ఘోరం, అతన్ని అడగాలని తట్టలేదు.

"పో, నడాన ఆడు," అని దొర మావైపు తిరిగాడు. "మీరు ఆ తాడు అవతల నిలబడండి. పాకాలవాళ్లు ఎవరైనా నోరు తెరిస్తే మైదానం బయటికి పంపిస్తాను."

అంత నిశ్శబ్దంగా నేను ఏ ఆటా చూడలేదు. తాత తన తువ్వాలు మడిచి పళ్ల మధ్య పెట్టుకున్నాడు. నేను రెండు చేతులూ చంకల్లో ఇరికించుకున్నాను. మొదటి పది నిమిషాలు కుందేలు తడబడ్డాడు. బంతి అందినప్పుడల్లా తాడు వైపు ఒక చెవి పెట్టేవాడు, ఎటునుంచి కేక వస్తుందోనని. కేక రాలేదు. ఆ తరవాత ఏం జరిగిందో మాటల్లో చెప్పడం నాకు చేతకాదు. చిత్తూరువాళ్లు బంతిని ఎటు తోసినా ముందే అక్కడ కుందేలు ఉన్నాడు. తీసుకున్న బంతిని తన దగ్గర ఉంచుకోలేదు, ఖాళీగా ఉన్నవాడికి అందించాడు. అతను ఒక్క గోలు కొట్టలేదు, గోలు ముందు ఒక్క క్షణం నిలబడలేదు. మావాళ్లు మూడు గోల్స్ కొట్టారు, మూడూ అతని కర్రను తాకి వెళ్లిన బంతులే. మేం పది నెలలు వాదించిన ఆటగాడు వీడు కాదు. వీణ్ణి మేం ఎప్పుడూ చూసి ఉండలేదు.

దొర అతన్ని మద్రాసు జట్టుకు తీసుకున్నాడు. ఉద్యోగం ఖాయమవుతుందని కూడా చెప్పాడు. తిరుగు బండిలో నేనే లేచి అతని పక్కన కూర్చుని, "నిన్నొక మాట అడగాల్సింది అప్పా. అడగలేదు. తప్పైపోయింది," అన్నాను. తాత ఎదురు బెంచీ మీద తల ఊపాడు.

కుందేలు కర్రను ఒళ్లోకి తీసుకున్నాడు. "మీరు తిండి పెట్టినారు సార్," అన్నాడు. "ఆ మాట మాయమ్మకు సెప్పినా."

అంతకన్నా అతను ఏదైనా తిట్టి ఉంటే సుఖంగా ఉండేది.

మూడేళ్ల తరవాత పనిమీద మద్రాసు వెళ్లినప్పుడు, అతను ఆడుతున్నాడని తెలిసి మైదానానికి వెళ్లాను. నా పక్కన ఇద్దరు పెద్దమనుషులు అతని గురించే వాదించుకుంటున్నారు. ఇంత మంచి కాళ్లున్నవాణ్ణి ముందుకు తొయ్యకుండా మధ్యలో పెట్టి పాడుచేస్తున్నారని ఒకాయన బాధ. ఇంకొకాయనకు వేరే బాధ. చివరికి నావైపు తిరిగి, "మీరేమంటారు?" అని అడిగారు. "నాకు ఆట తెలీదండీ," అన్నాను. అలా అన్నందుకు లోలోపల ఎంత మురిసిపోయానో! మనిషిని మారిపోయానని, పెద్దవాణ్ణి అయిపోయానని అనుకున్నాను.

ఆట ముగియడానికి అయిదు నిమిషాలుంది. రెండు జట్లూ సమానం. కుందేలు కాళ్ల దగ్గర బంతి, ఎదురుగా ఖాళీ నేల. నాకు తెలియకుండానే బెంచీ ఎక్కి నిలబడ్డాను.

"ముందరికి పోరా కుందేలూ! ముందరికి!"

మైదానమంతా తిరిగి చూసింది. ఆ పేరు అక్కడ ఎవరికీ తెలియదు. అతనికి మాత్రం గొంతు తెలిసింది. అంత ఆటలోనూ ఒక్కసారి తల తిప్పి నన్ను వెతికి పట్టుకుని, కర్ర లేని చెయ్యి పైకెత్తాడు. తరవాత తాపీగా బంతిని పక్కవాడికి అందించి, ఉన్నచోటే నిలబడ్డాడు. ఒక్క అడుగు కూడా ముందుకు వెయ్యలేదు.

పక్కనున్న పెద్దమనుషులు నా వంక అదోలా చూస్తుంటే, నేను మెల్లగా బెంచీ దిగి కూర్చున్నాను. ఆ బెంచీ మీద కేకలు వేసినవాడి వయసు ఇరవై నాలుగు. ఇప్పుడు తలచుకుంటే వాణ్ణి కోప్పడబుద్ధి కాదు. ఎంత గట్టిగా అరిచినా అతను కదలనందుకు, బెంచీ మీద కూర్చుని వాడు పొందిన సంతోషం నాకు ఇంకా జ్ఞాపకం ఉంది.