మూడుసార్లు ఆట వదిలితే ఫ్లెక్స్

పన్నెండు అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల ఎత్తు ఉన్న ఒకే ఒక్క ముక్కతో సాటి మనిషి పెళ్లి సంబంధాన్ని గాలికి వేలాడదీసిన మహానుభావుణ్ణి మీరింతవరకు చూసి ఉండరు. చూడాలనిపిస్తే జహీరాబాద్ వచ్చి, బీదర్ రోడ్డులో ఫ్లెక్సుల షాపు ఎక్కడని అడగండి. లోపల కంప్యూటర్ ముందు, ఎవరో పుట్టినరోజు నాయకుడి మెడలోని గొలుసును ఇంకొంచెం లావు చేస్తూ ఒకాయన కూర్చొని ఉంటాడు. ఆయన్ని మాణిక్ అంటారు. నేనే.

ఇది నాలుగేళ్ల కిందటి ముచ్చట. అప్పుడు నాకు మీసాలు కొంచెం ఎక్కువ, బుద్ధి కొంచెం తక్కువ. ఇప్పుడు మీసాలు తగ్గాయి.

ఆ రోజుల్లో మా నలుగురికి ఫోన్‌లో ఒక ఆట పట్టుకుంది. మనది నలుగురి జట్టు, ఎదుట ఏ ఊరివాళ్ళో తెలియని ఇంకో నలుగురు. వాళ్ళ కోట మనం కూల్చాలి, మన కోట కూలకుండా కాచుకోవాలి. ఇరవై నిమిషాల యుద్ధం. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే జట్టులో ఒకరి మాట ఒకరికి వినపడుతుంది. వినపడకపోయినా ఫరవాలేదు, నేను అరిచేది జహీరాబాద్ నుంచి నేరుగా కోహీర్ దాకా వెళ్లేది.

జట్టు కెప్టెన్ నేను. నన్ను ఎన్నుకున్నది కూడా నేనే. నా షాపు పక్కనే టైలర్ సలీం; శత్రువును చూస్తే కొలతలు తీసుకోవడానికి వెళ్తున్నట్టు అందరికన్నా ముందు ఉరికేవాడు. కోహీర్‌లో మా చిన్నమ్మ కూతురు అనిత. జామతోట చూసుకుంటూ, కొమ్మ మీద కాయను రాలగొట్టినంత తేలికగా దూరం నుంచే మనుషుల్ని పడగొట్టేది. నాలుగోవాడు శివరాజ్. న్యాల్‌కల్‌లో ఆలుగడ్డ, కంది పండిస్తాడు. మాట తక్కువ, ఓపిక ఎక్కువ. అందుకే కోట తలుపు దగ్గర కాపలా అతనికి అప్పజెప్పాను.

ఒక గురువారం సాయంత్రం. గెలుపు మా గుమ్మం దాకా వచ్చి చెప్పులు విడుస్తోంది. సలీం అరిచాడు.

"భాయ్, మన తలుపు తెరిచి ఉన్నదేంది?"

"శివరాజ్! ఏం చేస్తున్నవ్‌రా?"

శివరాజ్ ఏమీ చేయడం లేదు. శివరాజ్ అసలు లేడు. తెర మీద అతని పేరు బూడిదరంగులో ఉంది. తలుపులోంచి శత్రువులు పెళ్లి భోజనానికి వచ్చినట్టు వరుసగా వచ్చి మా కోటను తినేసి వెళ్ళారు.

తెల్లవారి ఫోన్ చేసి అడిగాను.

"ఎటు పోయినవ్‌రా నడుమల?"

"జర పనుండె అన్న."

"ఏం పని?"

"ఉండె అన్న... పని."

శనివారం మళ్ళీ అంతే. అదే వేళ, అదే తలుపు, అదే బూడిదరంగు.

ఆట మధ్యలో వదిలిపోయినవాడికి ఆట తయారుచేసినవాళ్ళు కూడా ఒక శిక్ష పెట్టారు: ఐదు నిమిషాల దాకా మళ్ళీ ఆడనివ్వరు. ఐదు నిమిషాలు! అది శిక్షా? మా ఊరి హోటల్లో దోశ రావడానికి అంతకన్నా ఎక్కువ పడుతుంది. ఓడిపోయిన ముగ్గురి కడుపుమంట చల్లారాలంటే ఇంకా గట్టి మందు కావాలని ఆ రాత్రంతా ఆలోచించి, మా వాట్సాప్ గుంపులో ఒక చట్టం పెట్టాను. "ఎవరైనా సరే, ఏ కారణమైనా సరే, మూడుసార్లు ఆట మధ్యలో వదిలితే, వారి ఫోటోతో ఫ్లెక్స్ వేసి మెయిన్ రోడ్డు మీద కట్టబడును. ఇట్లు, కెప్టెన్."

అనిత వెంటనే ఫోన్ చేసింది.

"అన్న, ఏ కారణమైనా అంటే ఎట్ల? ఎందుకు పోతున్నడో జర మంచిగ అడుగరాదు?"

"అడిగిన. చెప్తలేడు. చట్టమంటే చట్టమే చెల్లె."

"మరి నువ్వు గూడ రెండుసార్లు పోయినవ్ గద?"

"అవి వేరే. ఒకసారి షాపుల మిషన్ల ఫ్లెక్స్ ఇరికింది. ఇంకోసారి అమ్మ, పప్పు మాడుతున్నది చూడమన్నది."

"చట్టంల మిషను, పప్పు రాసినవా?"

"రాయలే."

"అయితే రెండు లెక్కవెట్టుకుంటున్న," అని ఫోన్ పెట్టేసింది. నవ్వి ఊరుకున్నాను. నా షాపు పేరులోనే ఫ్లెక్స్ ఉంది గానీ, నాలో వంగే గుణం వీసమెత్తు లేదు.

సోమవారం శివరాజ్ మూడోసారి మాయమయ్యాడు.

నేను నిజం చెప్పాలి: ఆట ఓడినందుకు బాధ కలగలేదు. చేతులు దురదపెట్టాయి. పదేళ్లుగా పుట్టినరోజులకు, సంతాపాలకు, ఎవరో ఎవరికో తెలిపే శుభాకాంక్షలకు ఫ్లెక్సులు కొట్టి కొట్టి ఉన్నాను. మొదటిసారి నా మనసులోని మాటకు నేనే ఫ్లెక్స్ కొడుతున్నాను. కళాకారుడికి పూనకం వస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది.

వెనక నీలాకాశం. ఒక మూల గర్జించే సింహం, ఇంకో మూల ఎగిరే పావురాలు. నడుమ శివరాజ్: సలీం షాపులో గుడ్డల మూట మీద నోరు తెరిచి నిద్రపోతున్న ఫోటో. పైన, ఎర్రటి అక్షరాల్లో: "ఆట మధ్యలో జట్టును వదిలి వెళ్ళిపోయే వీరుడు, న్యాల్‌కల్ శివరాజ్ గారికి హార్దిక శుభాకాంక్షలు!" అక్కడితో ఆగినా బాగుండేది. ఆగలేదు. ఆధారాలు లేనిదే న్యాయం నిలవదని, ఫోన్‌లో చూసుకొని మరీ కింద వరుసగా వేశాను: "గురువారం 7.40. శనివారం 7.41. సోమవారం 7.40. ఇట్లు, నష్టపోయిన మిత్రబృందం."

మా షాపులకు ఎదురుగా, టీ కొట్టు రేకుకూ కరెంటు స్తంభానికీ నడుమ తాళ్లతో కట్టించాను. దారిన పోయేవాళ్ళు ఆగి, చదివి, నవ్వి వెళ్తున్నారు. శివరాజ్‌కు ఫోటో పంపాను. కోప్పడతాడనుకున్నాను. కోప్పడితే నాకూ కొంచెం తృప్తిగా ఉండేది.

"అన్న, నీకు దండం పెడత, ఆదివారం లోపటనన్న తీసేయి," అన్నాడు మెల్లగా.

"ఎందుకు? ఆదివారం ఏమున్నది?"

"ఉన్నది అన్న... పని."

మళ్ళీ పనే! "వారం దినాలు ఉంటది. చట్టం," అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెవి నేనే మెలేసుకోవాలనిపిస్తుంది.

ఆదివారం పగలు పదకొండు. నేను ఇంట్లో మంచం మీద, అనిత కోహీర్ తోటలో, సలీం తన షాపులో. శివరాజ్ స్థానంలో ఎవరో ముక్కూమొహం తెలియనివాడు. ఆట మంచి పాకాన పడింది. అప్పుడు నా చెవిలో, సలీం ఇయర్‌ఫోన్ మైకులోంచి, ఒక కొత్త గొంతు వినపడింది. బరువైన గొంతు, కన్నడం కలిసిన మాట.

"ఏమప్పా టైలరూ, ఈ బోర్డు మీదున్న పిలగాడు న్యాల్‌కల్ శివరాజే గదా?"

"హౌ చాచా, మా దోస్తే. భాయ్, కుడిదిక్కు చూడు, వస్తున్నడు!"

చివరి మాట ఆటలో నాకు. పెద్దాయన కుడిదిక్కు చూసినట్టున్నాడు. తరువాత:

"నా పేరు నాగప్ప. చిరాగ్‌పల్లిల అల్లం పండిస్త. గీయనకే నా బిడ్డనియ్యాలనుకుంటున్నం. ఇయ్యాల ఇల్లు చూడనీకె కిరాయికి బండి మాట్లాడుకొని పోతున్నం. చాయ్ తాగుదామని దిగితే గిది కనవడ్డది."

నా ప్రాణం ఇయర్‌ఫోన్ తీగలోంచి కిందికి జారిపోయింది. మా దిక్కు ఆడపిల్లవాళ్ళు పిల్లగాని ఇల్లు చూసి, నలుగురు కూర్చొని మాట ఖాయం చేసుకునేదాకా ఆ సంగతి బయటికి చెప్పుకోరు. శివరాజ్ "పని" అంటే ఇదన్నమాట!

సలీం మైకులోంచి నాగప్ప గొంతు ఇంకా వస్తూనే ఉంది. "ఆటలనే ఆఖరిదాకా ఉండనోడు సంసారంల ఉంటడా? వీరశెట్టీ, బండి తిప్పమను. ఇంటికి పోదాం."

"సలీం! ఆయన్ను పోనియ్యకు! చాయ్ తాగిపియ్యి, కొలతలు తీసుకో, ఏమన్న చెయ్యి!" అని అరిచి, ఫోన్ మంచం మీద విసిరేసి, బనియన్ మీదనే స్కూటర్ ఎక్కాను.

వెళ్లేసరికి టీ కొట్టు ముందు తెల్ల ధోతి, తెల్ల మీసం, ఎర్రటి కళ్ళతో నాగప్ప నిలబడి ఉన్నాడు. పక్కన ఆయన బామ్మర్ది వీరశెట్టి, తీరిగ్గా చాయ్ ఊదుకుంటూ ఫ్లెక్స్‌ను పైనుంచి కిందికి చదువుతున్నాడు.

"నువ్వేనా ఈ బోర్డు చేసింది?"

"కాకా, జర నా మాట ఇను. శివరాజ్ బంగారమసుంటోడు. ఒక్క ఆటలనే నడుమల పోతడు, ఇంకెక్కడ పోడు."

"ఎన్నిసార్లు పోయిండు?"

"ఎక్కువేం లేదు, మూడే."

"మూడు! ఎందుకు పోయిండు?"

"తెల్వదు కాకా."

"అడిగినవా?"

"అడిగిన. పనున్నదన్నడు."

"ఏం పనో తెల్వకనే, మనిషిని ఇంత పెద్దగ చేసి కరెంటు స్తంభానికి కట్టినవా?"

నేను తలెత్తి ఫ్లెక్స్ వైపు చూశాను. సింహం గర్జిస్తూనే ఉంది, పావురాలు ఎగురుతూనే ఉన్నాయి, శివరాజ్ నోరు తెరుచుకొని నిద్రపోతూనే ఉన్నాడు. పాపం, న్యాల్‌కల్‌లో ఇంటికి సున్నం వేసి, వాకిలి ఊడ్చి, వాళ్ళమ్మ గారెలు కూడా వేసి ఉంటుంది.

నాగప్ప బండి ఎక్కి కూర్చున్నాడు. డ్రైవర్ చిరాగ్‌పల్లి దిక్కు తిప్పుతున్నాడు. నేను బండికి అడ్డంగా నిలబడ్డాను. అది ధైర్యం కాదండీ, ఇంకో ఉపాయం తోచలేదు.

అప్పుడు వీరశెట్టి చాయ్ గ్లాసు కింద పెట్టి, తాపీగా అన్నాడు. "బావా, గీ టైములు ఎక్కడనో ఇన్నట్టున్నది. నువ్వు రోజు అల్లం ముచ్చట మొదలువెట్టేది గీ టైముకే గద?"

"ఏ టైము?"

"ఏడు నలభై. ఆ టైముకు నేను మీ ఇంటికి రానే రాను, అందుకే గుర్తున్నది. నీ ఫోన్ తీయి."

నాగప్ప ఫోన్‌ను చేయి చాచి దూరంగా పట్టుకున్నా కనపడక, సలీం చేతికిచ్చాడు. సలీం ఒకసారి ఫోన్ వైపు, ఒకసారి ఫ్లెక్స్ వైపు చూస్తూ చదివాడు.

"గురువారం, ఏడు ముప్పైతొమ్మిది. శివరాజ్ న్యాల్‌కల్. నలభై ఒక్క నిమిషాలు. శనివారం, ఏడు నలభై. ముప్పై ఎనిమిది నిమిషాలు. సోమవారం... యా అల్లా! చాచా, యాభై రెండు నిమిషాలు ఏం మాట్లాడినవ్?"

"అల్లం," అన్నాడు నాగప్ప. గొంతు కొంచెం తగ్గింది. "విత్తనమెట్ల దాచాలె, మడి ఎట్ల చెయ్యాలె, కుళ్ళు రాకుంట ఎట్ల చూసుకోవాలె... పిలగానికి చెప్పాలె గద."

"నువ్వు ఫోన్ చేస్తే ఎత్తిండు చాచా. ఎత్తితే ఆట పోతది. కాబోయే మామ ఫోను కట్ చేస్తడా?"

నాగప్ప బండి దిగాడు. మెల్లగా ఫ్లెక్స్ ముందుకు వెళ్లి, శివరాజ్ తెరిచిన నోటివైపు చాలాసేపు చూశాడు. ఇప్పుడా చూపు వేరు.

"వీరశెట్టీ, నేను అల్లం ముచ్చట తీస్తే నువ్వేం చేస్తవ్?"

"బీడీకని పోత బావా."

"మీ అక్క?"

"వంటింట్లకు పోతది."

"నా బిడ్డ?"

"చదువుకోవాలె అంటది. చదువైపోయి రెండేండ్లాయె."

"ఈ పిలగాడు ఆట ఇడిచి, దోస్తుల తిట్లు తిని, యాభై రెండు నిమిషాలు అల్లం ఇన్నడు. నడుమల పోలే," అన్నాడు నాగప్ప. కళ్ళల్లో నీళ్ళు. "ఇంతకంటే నిలకడ మనిషి యాడ దొరుకుతడు? న్యాల్‌కల్ తిప్పు బండి!"

నేను గాలి పీల్చుకున్నాను. దాదాపు ఐదు నిమిషాలుగా ఆ పని మరిచిపోయినట్టున్నాను. నాగప్ప బండిలోంచి తల బయటపెట్టి, ఇంకా అడ్డంగానే ఉన్న నన్ను చూసి, "ఏమప్పా, నీకు గూడ అల్లం ముచ్చట చెప్పాల్నా?" అన్నాడు. వద్దు కాకా అని రెండు చేతులెత్తి మొక్కాను.

సలీం భుజం తట్టి తన ఫోన్ చూపించాడు. ఆట ఓడిపోయాం. గుంపులో అనిత సందేశం: "అన్న, మిషను, పప్పు, ఇప్పుడు ఇది. మూడు. ఏ కారణమైనా సరే."

ఎంత బతిమాలినా వినలేదు. చట్టం రాసినవాడి చెల్లెలు కదా. జహీరాబాద్‌లో వేరే షాపులో కొట్టిస్తే పరువు పోతుంది గనక, నా ఫ్లెక్స్ నేనే, నా మిషన్ మీదనే, నా చేతులతోనే కొట్టుకున్నాను. మాటలు అనితవి. ఫోటో సలీం తీసిందే: ఆ ఆదివారం బనియన్‌తో బండికి అడ్డంగా, రెండు చేతులెత్తి మొక్కుతున్నది. పెళ్లిరోజు అది ఫంక్షన్ హాలు గేటు దగ్గర వెలిసింది. పెళ్లికొడుకు ఫ్లెక్స్ కన్నా రెండడుగులు పెద్దది, నాగప్ప కోరిక మీద. నేను చేతులెత్తి స్వాగతం పలుకుతున్నాననుకొని సగం మంది బంధువులు దానికి తిరిగి దండం పెట్టి లోపలికి వెళ్ళారు.

పెళ్లయ్యాక దాన్ని నాగప్ప పట్టుకుపోయాడు. ఈ రోజుకూ చిరాగ్‌పల్లిలో ఆయన అల్లం కుప్ప మీద కప్పి ఉంటుంది. ఎండ పడనివ్వను, వాన తగలనివ్వను. ముంబై రోడ్డు మీద బస్సు కిటికీలోంచి చూస్తే నా మొహం కనపడుతుంది. అక్కడ నేను మధ్యలో లేచి వెళ్ళే వీలే లేదు.

కనుక ఆ అల్లం కుప్ప సాక్షిగా ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఆట మధ్యలో ఎవరు మాయమైనా ముందు ఎందుకని అడుగుతాను, చెప్పకపోతే మళ్ళీ మెల్లగా అడుగుతాను, అప్పుడూ చెప్పకపోతే మామగారు ఫోన్ చేశారనుకొని నోరు మూసుకుంటాను. ఈ ప్రతిజ్ఞను ఫ్రేము కట్టి షాపులో పెట్టుకోమని సలీం అన్నాడు. పెట్టుకుంటాను.

ఫ్లెక్స్ మాత్రం కొట్టను.