పంపు బ్యాటరీ మోసుకొని శ్రీశైలం నడక

బర్రె చూలు నిలిస్తే శివరాత్రికి శ్రీశైలం నడిచి వస్తానని మొక్కుకున్నాను. నిలిచింది. కానీ బయలుదేరే వారం నాటికే దాని పొదుగు దిగింది, ఇవాళో రేపో ఈనేలా ఉంది. తొలిసూరు ఈత. కడుపులో దూడ అడ్డం తిరిగితే తల్లీ దూడా రెండూ పోతాయి. ఆయన పోయాక నాకున్న ఆధారం ఆ బర్రె పాలే. మొక్కు ఆపలేను, బర్రెను వదల్లేను. చివరికి తోడికోడలికి అప్పజెప్పి, "ఏ కష్టమొచ్చినా నాకు ఫోన్ కొట్టు, బస్సెక్కి వస్త" అని చెప్పాను.

మన్ననూరు దాటితే అడవి. కరెంటు లేదు, సిగ్నల్ అక్కడక్కడ. అందుకే చేనుకు మందు కొట్టే పంపు లోంచి బ్యాటరీ ఊడదీయించి, ఫోన్ వైరు గుచ్చే సాకెట్ పెట్టించి, తువ్వాలలో చుట్టి నెత్తిన పెట్టుకున్నాను. ఎంత కడిగినా పురుగుమందు వాసన పోలేదు.

నాతో మా ఊరి ఆడవాళ్లు ఐదుగురు. మొదటిరోజంతా ఒకటే నవ్వులు.

"ఏందక్కా, శివయ్యకు మందు కొడతవా ఏంది?"

"నీ నోటికి కొడత, నడువ్!"

అన్నదానం దగ్గర జనరేటర్ ఉంది గానీ ఛార్జింగుకు అప్పటికే ఫోన్లు కుప్పలు పోసి ఉన్నాయి. రెండోరోజుకు నవ్విన వాళ్లే నా పక్కన చేరారు. "అక్కా, జర నాదీ పెట్టవా, సగం ఎక్కితే చాలు." కాదనలేక ఐదుగురివీ పెట్టాను. చివరికి నాది పెడితే బ్యాటరీ బుడ్డి లైటు ఆరిపోయింది. మరి కాసేపటికి నా ఫోనూ పోయింది.

"పాటలు వినేటందుకు నా బ్యాటరీ తాగిండ్రు గదనే! ఆడ నా బర్రెకు ఏమైందో ఎట్ల తెలవాలె?" అని అడవంతా వినపడేలా అరిచాను. ఆ మధ్యాహ్నమంతా ఖాళీ బ్యాటరీని వాళ్లే వంతులేసుకొని మోశారు.

దోమలపెంట దగ్గరికి వచ్చాం. సిగ్నల్ తగిలినట్టుంది, ఒక కొంగులో ఫోన్ మోగింది. అది ఎత్తేలోపు ఇంకో సంచిలో టింగుటింగుమని మెసేజీలు. నాది పలకకపోతే తోడికోడలు పొద్దుటినుంచి ఐదుగురికీ కొడుతూనే ఉందట.

ఫోన్ నా చెవికి పెట్టారు.

"ఓ అక్కా! ఏడ సచ్చినవ్? బర్రె ఈనింది! పెయ్యదూడ!"

"ఈనినంక మాయ పడ్డదా?"

"పడ్డది. దూడ లేసి పాలు తాగుతుంది. నువ్వు దేవుని మొకం సూసి నెమ్మదిగ రా."

రోడ్డు మీదే కూలబడి నవ్వాను. అంతలో ఆ ఫోన్‌లోనే దూడ ఫొటో వచ్చింది. నుదుట తెల్లచుక్క. ఆరుగురం చేతులు మార్చుకుంటూ చూశాం. నా చేతికి రెండోసారి వచ్చేసరికి ఆ ఫోనూ ఆరిపోయింది.

"ఇగ జున్నెప్పుడక్కా?" అంది ఆ ఫోన్ గలామె.

"ముందు నా బ్యాటరీ నింపుకొని రాండ్రి," అన్నాను. ఐదుగురూ బ్యాటరీ పట్టుకొని హోటల్ వైపు ఉరికారు.