వాన నీళ్లా, డ్రైనేజీ నీళ్లా?

మనుషులకే కాదు, నీళ్లకు కూడా కులముంటుందని కొత్తగూడలో ఇల్లు కొన్నాకే తెలిసింది. వాన పడితే చాలు, మా గల్లీలో మ్యాన్‌హోల్ పొంగి గుమ్మాల దాకా నీళ్లొస్తాయి. మునిసిపల్ ఆఫీసులో చెబితే, "వాన నీళ్లయితేనే మాయి. కంపు కొడుతున్నయంటే డ్రైనేజీ వాళ్లకు చెప్పుకోండ్రి" అన్నారు. డ్రైనేజీ ఆఫీసులో ఇంజినీరు ఫోన్లోంచి తల కూడా ఎత్తలేదు. "వాన పడ్డప్పుడే వస్తున్నయి గదా సార్? అవి వాన నీళ్లే. మునిసిపాలిటీకి పోండ్రి."

వర్షాకాలమంతా నన్ను ఇలాగే తిప్పారు. చివరికి ఆ నీళ్లు మా మంచినీళ్ల సంపులోకి దిగాయి.

ఆ రోజు నాకు ఒళ్లు మండిపోయింది. గల్లీలో నీళ్లు ఒక సీసాలో పట్టుకుని మళ్లీ డ్రైనేజీ ఆఫీసుకు వెళ్లాను. ఇంజినీరు బల్ల మీద, ఆయన తాగుతున్న చాయ్ పక్కనే సీసా పెట్టి, మూత మీద చెయ్యి వేశాను. ఆయన ముక్కు మూసుకుని కుర్చీలోంచి లేచాడు.

"మూత తియ్యకుండ్రి సార్! ఆఫీసంతా కంపు కొడ్తది!"

"వాన నీళ్లేగా? ముక్కెందుకు మూసుకున్నారండీ?" అన్నాను.